కాస్త ఇది పట్టుకో

అత్తయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. ఖాళీ చేతులతో మనిషి కనిపిస్తే ఆవిడ ప్రాణం ఒకచోట నిలవదు. ఆ చేతుల్లో ఏదో ఒకటి పెట్టి తీరాలి. నిచ్చెన కావచ్చు, తాడు కొస కావచ్చు, మూతలేని నూనె సీసా కావచ్చు. పెట్టేసి, "కాస్త ఇది పట్టుకో, ఒక్క క్షణంలో వస్తా" అని మాయమైపోతుంది. ఆ క్షణం ఎంతసేపు సాగుతుందో ఆవిడకీ తెలియదు, పట్టుకున్నవాళ్ళకి అంతకన్నా తెలియదు. సుత్తి కోసం ఇంట్లోకి వెళ్ళిన మనిషికి దారిలో ఇంకో పని కనిపిస్తుంది. అక్కడ ఇంకో ఖాళీ చేతుల మనిషి తగులుతాడు. వాడికి ఇంకోటి ఇచ్చి, దానికి కావలసిన మేకు కోసం ఇంకో గదిలోకి వెళుతుంది. ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఉత్తరాలు పంచే ఆయన ఒకసారి కవరు ఇద్దామని గేటు తీశాడు. కవరు ఆవిడ చేతిలోకి, కిటికీ చట్రం ఆయన చేతుల్లోకి మారాయి. ఆ పూట వీధిలో మిగతా ఇళ్ళకి ఉత్తరాలు అందలేదు. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, చట్రంలోంచి తల బయటికి పెట్టి నిలబడ్డ ఆయన్ని చూసి, ఎవరి ఉత్తరాలు వాళ్ళే సంచీలోంచి ఏరుకున్నారు. "బాబ్బాబు, ఒక్కసారి దీన్ని అందుకోండి" అని ఆయన బతిమాలితే ఒక్కడూ దగ్గరికి రాలేదు. వస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు.

అప్పటినుంచీ ఆ ఇంటి ముందు నడిచే మనుషులు ఏదో ఒకటి మోస్తూ నడవడం నేర్చుకున్నారు. రిటైరైన హెడ్‌మాస్టరుగారు ఖాళీ సంచీని బరువుగా ఉన్నట్టు రెండు చేతులా మోస్తూ, ఆయాసపడుతూ వెళ్ళేవారు. పక్కింటావిడ తన పిల్లాడు నిద్రపోతుంటే ఎదురింటి పిల్లాడిని అరువు తెచ్చుకుని చంకనేసుకు దాటేది.

మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరికి వెళితే, డాక్టరు చేతిలో గొడుగు, కళ్ళజోడు, పర్సు పెట్టి, "కాస్త ఇవి పట్టుకోండి, మోకాలు చూపిస్తా" అంది. డాక్టరు మోకాలు కళ్ళతోనే చూసి, మందు నోటితోనే చెప్పాడు. ఆ కుటుంబంలో అందరూ కలిసి దిగిన ఫొటో ఒక్కటి కూడా లేదు. దిగుదామనుకున్న ప్రతిసారీ, ఫొటో తీసేవాడి చేతికే అత్తయ్య చంటిబిడ్డని అందించేది.

ఇక మావయ్య సంగతి. ఆయన పెళ్ళయిన కొత్తల్లోనే కిటుకు కనిపెట్టాడు. పొద్దున లేవగానే దినపత్రిక రెండు చేతులా విప్పి పట్టుకుంటాడు, పడుకునేదాకా దించడు. చదవడం అయిపోయినా ఫర్వాలేదు, నిన్నటిదైనా ఫర్వాలేదు, తలకిందులుగా ఉన్నా ఫర్వాలేదు. ఆ పత్రిక ఆయనకి కవచం.

ఇలాంటి అత్తయ్యకి ఇంటి వెనకాల పాడుబడ్డ పశువుల కొట్టాన్ని వర్క్‌షాప్‌గా మార్చాలన్న ఆలోచన వచ్చింది. ఆవిడది పేము కుర్చీలు అల్లే పని. వీధిలో ఎవరి కుర్చీ కుంగినా, అల్లిక తెగినా ఆవిడ దగ్గరికే వస్తుంది. అల్లాల్సిన కుర్చీలు వరండా నిండి, హాలు నిండి, మంచం చుట్టూ చేరాయి. వాటిలో ఒక్కదానికీ కూర్చునే చోట అల్లిక ఉండదు. మావయ్య ఎన్నో ఏళ్ళుగా నిలబడే భోంచేస్తున్నాడు. ఒకరోజు ఆదమరిచి కూర్చుని, నడుం దాకా కుర్చీలో దిగబడిపోయి, పత్రిక మాత్రం వదలకుండా కేకలు పెట్టాడు. ఆ కేకలతో అత్తయ్యకి కొట్టం గుర్తొచ్చింది.

కొట్టం అంటే పేరుకి కొట్టం. రాతి గోడలు గట్టివే గానీ, పైకప్పు సగం కూలింది, మిగిలిన సగాన్ని పావురాలు ఏలుతున్నాయి. అత్తయ్య చేతిలో డబ్బు లేదు. అయితే ఏం, కొంగు బిగించింది. కూల్చేస్తున్న ఇంటి దగ్గర తలుపు సంపాదించింది. ఎవరో విప్పేసిన షెడ్డు రేకులు అడిగి తెచ్చుకుంది. పాత బస్సులు విరగ్గొట్టే చోటికెళ్ళి కిటికీలు ఊడదీయించుకొచ్చింది. వాటిమీద ఇప్పటికీ "చేతులు బయట పెట్టరాదు" అని రాసి ఉంటుంది. పశువుల మేత తొట్టిని గీకి కడిగి, పేముబద్దలు నానబెట్టే తొట్టి చేసింది. పశువుల్ని కట్టే ఇనుప కడియాలకి కుర్చీలు వేలాడదీసింది.

కూలీలకి ఇవ్వడానికి మాత్రం ఏమీ మిగల్లేదు. దానికి ఆవిడ దగ్గర మందుంది. వీధిలో చేతులున్న మనుషులకి కొదవేముంది? ఇంకో ఇంట్లో పరంజా కట్టే చోట ఈవిడ మనుషుల్ని నిలబెట్టింది. గుంజలు, మోకులు, ముడులు అన్నీ మనుషులే. బీమా ఏజెంటు పాలసీ గురించి చెప్పడానికి వచ్చి, ఒక రేకుని నెత్తిమీద మోస్తూ ఆ రేకుకే పాలసీ అంతా వివరించాడు.

ఇంత గందరగోళంలోనూ ఆవిడది ఒక్కటే నియమం. పట్టుకున్నది చెప్పకుండా వదలకూడదు. "నేను వదులుతున్నా" అని అవతలి చివర ఉన్నవాడికి చెప్పాలి, వాడు "సరే" అనాలి, అప్పుడే వదలాలి. లేకపోతే బరువంతా వాడి కాలిమీద పడుతుంది. బీమా ఏజెంటు ఒకసారి ఆ నియమం మరిచి, ఫోను మోగిందని రేకు వదిలేశాడు. రేకు వెళ్ళి తొట్టిలో పడింది, తొట్టిలో నీళ్ళన్నీ ఆయన మీద పడ్డాయి. అత్తయ్య ఆయనకి తువ్వాలు ఇచ్చింది. తుడుచుకున్నాక రెండు రేకులు ఇచ్చింది.

అందరికంటే ఎక్కువగా ఆవిడ చేతికి చిక్కినవాడు మేనల్లుడు చిన్నోడు. మీసంలో తెల్ల వెంట్రుకలు వచ్చినా, అన్న ఒకడు ఉన్నాడు గనక వాడు చిన్నోడే, అన్న పెద్దోడే. ఇద్దరూ చెక్కపని చేసేవాళ్ళు. పెద్దోడు కోసి అతికేవాడు, చిన్నోడు నునుపు చేసి రంగు వేసేవాడు. చిన్నప్పటినుంచీ ఒక్క దుకాణం, ఒక్క రంపం, ఒక్క టేపు. ఆ టేపు కోసం కొట్టుకుంటూ పెరిగారు.

వాళ్ళని విడదీసింది ఒక బీరువా. ఎవరో పెద్ద ఇంటివాళ్ళు చేయించుకున్నారు. అన్నదమ్ములు నెలంతా కూర్చుని, చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేలా చేశారు. తీరా తీసుకెళితే అది ఆ ఇంటి గుమ్మంలో ఇరుక్కుంది. లోపలికి పోదు, బయటికి రాదు. ఆ ఇంటివాళ్ళు ఆ పూటంతా కిటికీలోంచి ఎక్కి దిగారు. వచ్చిన చుట్టాలు బీరువా తలుపు తీసి లోపలికి తొంగిచూసి, ఇల్లు ఇంతేనా అనుకున్నారు.

"గుమ్మం కొలత నీకు వదిలెయ్యడం నాది బుద్ధితక్కువ" అన్నాడు పెద్దోడు, అందరి ముందూ.

"అయితే నీ టేపు నువ్వే ఉంచుకో, నీ దుకాణం నువ్వే ఉంచుకో" అని చిన్నోడు చేతులు దులుపుకుని నడిచొచ్చేశాడు. గుమ్మం కొలిచింది అన్న అని వాడి నమ్మకం. తప్పు చేసింది ఆయన, మాట పడింది నేను అని వాడి కడుపుమంట. పెళ్ళాన్ని వెంటబెట్టుకుని అత్తయ్య ఇంటి పక్క గదిలో దిగాడు. దూరపు ఊళ్ళో కుర్చీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసుకున్నాడు. రోజంతా ఒకటే రకం కుర్చీకి ఒకటే చోట మరమేకు బిగించే పని. ఒకటో తారీకున చేరాలి.

"మీకు ఇష్టమయ్యే వెళుతున్నారా?" అని పెళ్ళాం అడిగేది.

"ఇష్టం ఏంటి? వెళ్తానని చెప్పేశాగా."

"ఎవరికి చెప్పారు?"

"అందరికీ చెప్పాను. ఆయనగారి చెవిన కూడా పడే ఉంటుంది. ఒక్క మాట, ఉండరా అని ఒక్క మాట అంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోతాయా?"

అలా అని లేచి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. సంచీ సర్దేవాడు, విప్పేవాడు, మళ్ళీ సర్దేవాడు. వెళ్ళాలని లేదు, ఉంటానని అనలేడు. అలా తిరిగి తిరిగి పెరట్లోకి వస్తే, అక్కడ అత్తయ్య ఉండేది.

"వచ్చావా, ఈ తలుపు పట్టుకో."

"అత్తయ్యా, నేను చెక్కపని ముట్టనని ఒట్టు పెట్టుకున్నా."

"పని ఎవడు చెయ్యమన్నాడు? ఊరికే పట్టుకో."

ఊరికే పట్టుకున్న చెక్కపనివాడు ఊరికే ఉండగలడా? తలుపు అంచుమీద బొటనవేలు నడిచింది. కింద ఒకచోట ఆగింది.

"దీనికి చిత్రిక పట్టింది ఎవరు?"

"ఎవరో పొద్దున వచ్చి పట్టారు."

"ఎవరో ఏంటి? ఇలా ఎడమనుంచి కుడికి లాగేవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన ఇక్కడికి వస్తున్నాడా?"

"వస్తాడు, పొద్దున పూట. నా మేనల్లుడు కాదా వాడు? నీకేం, నువ్వు సాయంత్రం వస్తావు. వంకరగా ఉందా?"

"వంకర కాదు, ఘోరం."

"అయితే సరిచెయ్యి. ఊరికే చెప్పడం ఎందుకు?"

చిన్నోడు సరిచేశాడు. చేసి, తలుపు తిరిగే బందులు కూడా తనకి నచ్చిన చోట బిగించాడు. మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే బందులు మళ్ళీ పాత చోటే ఉన్నాయి, పైగా చాలా శుభ్రంగా బిగించి ఉన్నాయి. వాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊడదీసి తన చోట పెట్టాడు. మర్నాడు అవి మళ్ళీ మారాయి. పాపం ఆ తలుపు కొన్నాళ్ళు కుడివైపు తెరుచుకుంది, కొన్నాళ్ళు ఎడమవైపు. మావయ్య పత్రిక చదువుతూ నడిచి వచ్చి రెండుసార్లు తప్పు వైపు తోసి ముక్కు కొట్టుకున్నాడు.

"ఆయనకి చెప్పు అత్తయ్యా, నా పని ముట్టుకోవద్దని."

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్పుకో."

"నేను మాట్లాడను."

"వాడూ అదే అన్నాడు. అదిగో, ఆ నిచ్చెన పట్టుకో."

ఇలా రోజులు గడుస్తూ, కొట్టం ఒక రూపానికి వచ్చింది. రేకులు పైకెక్కాయి, బస్సు కిటికీలు గోడలో కుదురుకున్నాయి, నేల చదునైంది. పావురాలు అలిగి హెడ్‌మాస్టరుగారింటికి వెళ్ళిపోయాయి. అన్నదమ్ములు మాత్రం ఒకరికొకరు ఎదురుపడకుండా, ఒకరి పని ఒకరు చెడగొట్టుకుంటూ, దాన్ని మరింత బాగా చేసి పెట్టుకుంటూ వచ్చారు. చిన్నోడు వెళ్ళాల్సిన రోజు కూడా వచ్చేసింది.

మధ్యాహ్నం బస్సు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, పెరట్లోకి వచ్చాడు. చేతులు రెండూ ముందుజాగ్రత్తగా వెనక్కి కట్టుకున్నాడు.

"వెళ్ళొస్తా అత్తయ్యా."

"వెళ్ళిరా నాయనా. వేళకి తిను, చలిలో తిరక్కు. వెళ్ళే ముందు కాస్త ఇది పట్టుకో."

"బస్సుకి టైమైంది!"

"బస్సు ఎక్కడికి పోతుంది? ఒక్క దూలమే. లోపల వెనక గోడ దాకా మోసి పెడితే చాలు. అవతలి చివరకి మనిషిని పెట్టాను. ఆ సంచీ మీ ఆవిడకివ్వు."

పక్కనే నిలబడ్డ పెళ్ళాం అడిగిందే ఆలస్యమన్నట్టు సంచీ అందుకుని గదిలోకి వెళ్ళిపోయింది. కొట్టం గుమ్మంలోంచి ఒక టేకు దూలం కొస లోపలికి పొడుచుకొచ్చి ఉంది, రెండో కొస పెరట్లో పేర్చిన కుర్చీల చాటున ఉండడంతో అక్కడి మనిషి కనిపించలేదు. చిన్నోడు పళ్ళు నూరుకుంటూ లోపలికెళ్ళి దాని కింద భుజం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా సంగతి అక్కడితో ముగిసింది. ఎత్తి, ఎదర గోడ వైపు మొహం పెట్టి నడిచాడు.

"గోడ దాకా వెళ్ళి ఆగు. మేకులు తెస్తా, ఒక్క క్షణం" అని అత్తయ్య గొంతు దూరమైపోయింది.

వాడు నడిచి, ముక్కు గోడకి తగిలే చోట ఆగాడు. వెనక మనిషి అడుగుల చప్పుడు కూడా ఆగింది. దించుదామంటే, అవతలివాడు ఇంకా గుమ్మం బయటే ఉన్నట్టున్నాడు.

"లోపలికి రండి సార్!" అని వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

"వచ్చే దారేది? నువ్వు ముందుకి కదలవే!" అని బయటినుంచి జవాబొచ్చింది.

ఆ గొంతు పెద్దోడిది. బయట అన్న కూడా తమ్ముడి గొంతు పోల్చుకున్నాడు. వానాకాలం నుంచీ ఒకరి గొంతు ఒకరు వినలేదు.

వదిలేద్దామంటే చెప్పి వదలాలి. చెప్పాలంటే మాట్లాడాలి. చెప్పకుండా వదిలితే టేకు దూలం వెళ్ళి అన్న పాదాల మీద పడుతుంది. ఎంత కోపం ఉన్నా ఆ పాదాలు అన్నవి. ఆ అవతల అన్న కూడా సరిగ్గా ఇదే లెక్క వేసుకుంటున్నాడని, బరువు ఒక్క రవ్వ కూడా తన వైపు జారకపోవడంలోనే చిన్నోడికి తెలిసిపోయింది. ఇద్దరూ కిమ్మనకుండా మోస్తూ నిలబడ్డారు. భుజం దిగిపోతోంది. అత్తయ్య జాడ లేదు. చొక్కాలోకి చెమట కారుతోంది.

చివరికి చిన్నోడు పిల్లి మీదా ఎలక మీదా పెట్టి మొదలుపెట్టాడు.

"కొంతమందికి ఒక దూలాన్ని లోపలికి తొయ్యడం కూడా చేతకాదు" అన్నాడు గోడతో.

"కొంతమందికి ముందుకి నడవడం రాదు" అని బయటినుంచి పెరటితో ఎవరో అన్నారు.

"ముందు గోడ ఉంటే ఎలా నడుస్తారట?"

"గోడ ఉంటే పక్కకి తిప్పాలట."

"పక్కకి తిప్పితే గుమ్మానికి తగులుతుందట. కొంతమందికి గుమ్మాలు కొలిచే అలవాటు లేదుగా."

అది తగలాల్సిన చోట తగిలింది. దూలం కొద్దిగా ఊగింది.

"ఒరేయ్" అన్నాడు పెద్దోడు, ఇక గోడలతో పెరళ్ళతో పనిలేకుండా. "ఆ గుమ్మం కొలిచింది నువ్వు!"

"నేనా? నేనెప్పుడు కొలిచా? నువ్వు కొలిచావు. నువ్వు కొలిచావని నేను చెక్క నునుపు చెయ్యడం మొదలుపెట్టా!"

"నేను కొలవలేదురా. ఆ రోజు ఆ ఇంటికి వెళ్ళింది నువ్వు."

"వెళ్ళింది రంగు ముక్కలు చూపించడానికి! టేపు నా దగ్గర ఎక్కడిది? టేపు నీ జేబులో ఉంది!"

"జేబులో ఉంటే? నువ్వు తిరిగొచ్చి 'అంతా సరిపోతుంది' అన్నావు."

"రంగు సరిపోతుందన్నా!"

అవతల దూలం ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారింది.

"మరి గుమ్మం ఎవరు కొలిచారు?" అన్నాడు పెద్దోడు నెమ్మదిగా.

"ఎవరూ కొలవలేదు కాబోలు అన్నయ్యా."

అన్నయ్యా అన్న మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అవతల ఏదో చప్పుడు మొదలైంది. అన్న ఏడుస్తున్నాడేమో అని చిన్నోడు కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతున్నాడు. పెద్దోడి నవ్వు దూలం పొడుగునా ప్రయాణం చేసి వచ్చి చిన్నోడి భుజాన్ని కుదిపింది. వాడికీ ఆగలేదు. ఇద్దరూ దూలం కింద నిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా, కడుపు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అవస్థపడుతూ నవ్వారు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది. చిన్నోడు విన్నాడు, దూలం మాత్రం వదల్లేదు.

"ఒరేయ్, మరి ఈ దూలం?" అన్నాడు పెద్దోడు నవ్వు మధ్యలో.

"ఏం?"

"నువ్వు గోడకి ఆనుకుని ఉన్నావా?"

"ముక్కు ఆనుకుంది."

"నేను గుమ్మానికి మూరెడు ఇవతల ఉన్నానురా. ఇది కొట్టం కన్నా పొడుగు! పక్కకి తిప్పినా పట్టదు. దీన్ని కొలవలేదా నువ్వు?"

"నువ్వు కొలిచే ఉంటావనుకున్నా!"

మళ్ళీ నవ్వు. ఇద్దరు కాకలు తీరిన చెక్కపనివాళ్ళు, గదికన్నా పొడుగున్న దూలాన్ని గదిలో పెట్టాలని ఇంతసేపు మోశారు. కోపంలో కళ్ళు మూసుకుపోతాయంటారే, అలా.

"చెప్పి దించుదాం. మూడు అంటే వదలాలి" అన్నాడు పెద్దోడు, చిన్నప్పటినుంచీ అన్నట్టే. "సరే" అన్నాడు చిన్నోడు. దూలం నేలమీదికి చప్పుడు కాకుండా దిగింది.

బయటికొచ్చి చూస్తే గోడకి అవతలి వైపు, బోర్లించిన బకెట్టు మీద అత్తయ్య కూర్చుని ఉంది. కూర్చుని ఉంది! ఒళ్ళో మేకుల డబ్బా. పక్కన మావయ్య, మొహానికి అడ్డంగా పత్రిక.

"ఇవిగో మేకులు, ఇప్పుడే దొరికాయి" అంది అత్తయ్య గబగబా లేస్తూ.

"అత్తయ్యా, ఈ దూలం కొట్టంలో పట్టదు" అన్నాడు పెద్దోడు.

"అయ్యో, పట్టదా? నాకేం తెలుసు కొలతలు? కొలవడం మీ పని కదూ."

"తెలుసు" అంది పత్రిక. పత్రిక వెనకనుంచి మావయ్య చాలా రోజులకి నోరు విప్పాడు. "కలప అడితివాడు ఇది పట్టదమ్మా, పొట్టిది తీసుకో అని నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగుది ఇదేనా అని రెండుసార్లు అడిగి మరీ కొంది. ఈ కొట్టం మొత్తంలో డబ్బిచ్చి కొన్నది అదొక్కటే."

అత్తయ్య ఆయన వైపు చూసిన చూపుకి పత్రిక కొద్దిగా వణికింది. పెద్దోడు తల వంచుకుని, టేపు తెస్తానని ఇంటి వైపు వెళ్ళాడు. వాడికి కళ్ళు తుడుచుకోవడానికి ఎవరూ లేని చోటు కావలసి వచ్చింది.

"ఎందుకు అత్తయ్యా ఇదంతా? పిలిచి ఇద్దరికీ నాలుగు చీవాట్లు పెడితే పోయేది కదా" అన్నాడు చిన్నోడు.

"చీవాట్లు పెడితే ఇంకా తొందరగా వెళ్ళిపోతారురా." ఆవిడ మేకుల డబ్బా మూత పెట్టి తీసింది, మళ్ళీ పెట్టింది. "మీ నాన్న ఒకసారి ఇంట్లో అలిగి వెళ్ళిపోయాడు, నేను చిన్నదాన్ని అప్పుడు. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు మా అన్నయ్య. చేతులు ఇలా వేలాడేసుకుని. ఎవరైనా ఆపుతారేమోనని చూశాడు. ఎలా ఆపాలో మాకెవ్వరికీ తెలియలేదు. పొమ్మననూ లేదు, ఉండమననూ లేదు. వెళ్ళిపోయాడు. తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ తరవాత నాకు తోచింది, ఊరికే ఏదో ఒకటి చేతిలో పెట్టి కాస్త పట్టుకో అన్నయ్యా అని ఉంటే నిలబడేవాడు కదా అని. చేతిలో మనది ఏదైనా ఉంటే మనిషి అలా వదిలేసి పోలేడురా."

చిన్నోడికి ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళూ వీధి వీధంతా కలిసి ఆవిడని వెర్రిబాగుల మనిషి కింద జమకట్టింది. తనూ ఆ జమలో ఉన్నాడు. ఏదో అనబోయాడు గానీ, ఆవిడ అప్పటికే రంపం వెతకడానికి తిరిగింది.

ఇంతలో పెళ్ళాం గదిలోంచి వచ్చింది. ఆవిడ వెనక తీగమీద వాడి ప్రయాణం బట్టలన్నీ, లుంగీతో సహా, నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి.

"ఇదేంటి? శుభ్రమైనవేగా సర్దింది!"

"మడతల్లో దుమ్ముందండీ" అంది ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు. "ఇప్పుడు వెళ్తానంటే వెళ్ళండి. కట్టుకోవడానికి మాత్రం ఏమీ లేవు."

పెద్దోడు టేపుతో వచ్చాడు. దూలాన్ని కొట్టానికి సరిపోయేలా కోసి, మిగిలిన ముక్కతో పనిబల్లకి కాళ్ళు చెయ్యాలని తీర్మానమైంది. ఈసారి పొరపాటుకి తావుండకూడదని, అన్నదమ్ములు ఇద్దరూ విడివిడిగా కొలవాలనుకున్నారు. పెద్దోడు కొలిచాడు. చిన్నోడు కొలిచాడు. రెండు కొలతలూ వేరు వేరుగా వచ్చాయి.

"గోడకి ఆనించి పట్టావా టేపు?"

"ఆనించే పట్టా. నువ్వే వంకరగా పట్టావు."

"నాకు నేర్పుతావురా నువ్వు? నీకు నిక్కరు తొడిగింది నేను!"

"అదీ వంకరగానే తొడిగావు! ఇటివ్వు టేపు!"

"ఇవ్వను!"

అరుపులు గోడ దాటాయి. పక్కింటావిడ కంగారుగా పిట్టగోడ మీదినుంచి తొంగిచూసింది. అత్తయ్య ఆవిడకి ఫర్వాలేదన్నట్టు తల ఊపి, మళ్ళీ బకెట్టు మీద కూర్చుంది. చేతిలో రంపం ఉన్న సంగతి కూడా మరిచిపోయింది.

"వింటున్నారా?" అంది మావయ్యతో.

"వినకేం? వీధంతా వింటోంది."

"ఎంత హాయిగా ఉందో కదూ" అంది అత్తయ్య.